4 కోట్ల అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఎలా తేల్చారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు చిత్తూరులో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తారు. 2024 అక్టోబరులో ప్రకటించిన 4 కోట్ల అంకెల ప్రధాన సంఖ్య గురించి క్లాసులో చెప్తుంటే ఒక పిల్లోడు లేచి, "అంత పెద్దదాన్ని దేంతో భాగించి చూసినారు సార్?" అన్నాడు. మీరు జవాబు చెప్పలేకపోయారు. ఈ రికార్డు సంఖ్యలన్నీ 2 ఘాతంలోంచి 1 తీసేసిన రూపంలోనే ఎందుకుంటాయి, మన ఇంటి కంప్యూటర్లో అలాంటిది దొరుకుతుందా అని కూడా అడిగారు.

ముందు సూటి జవాబు. భాగించి చూసి తేల్చలేదు. అసలు అది జరిగే పని కాదు. ఆ సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది ఉత్త 2 ఘాతం. పక్కింటి సంఖ్య కారణాంకాలు మనకు పూర్తిగా తెలుసు కాబట్టి, దాన్ని పట్టుకుని ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని రుజువు చేశారు. రికార్డులు దాదాపు అన్నీ ఈ రూపంలో ఉండడానికి కారణం కూడా అదే. ఇలాంటి సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు విరగకాస్తాయని కాదు, కాసినప్పుడు పట్టుకోవడం సులువు.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. సంఖ్యావాదం పేపరు ఎక్కువ కాలం నా చేతిలోనే ఉండేది. మీ పిల్లోడు అడిగినట్టే ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఒక పెన్ను, తెల్లకాగితం దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

సంఖ్య ఇది: 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. అంటే రెండును 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేయాలి. మామూలు పద్ధతిలో రాస్తే 4,10,24,320 అంకెలు. 8816943275 అని మొదలై 486871551 అని ముగుస్తుంది. పేజీకి మూడు వేల అంకెల చొప్పున అచ్చు వేస్తే 13,600 పేజీలు దాటుతుంది. కనుగొన్నది అమెరికాలోని శాన్ హోసేలో ఉండే లూక్ డ్యురాంట్. ఇలాంటి ప్రధాన సంఖ్యల కోసం ఎందరో తమ కంప్యూటర్లతో కలిసి వెతికే, 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన జింప్స్ అనే ఉమ్మడి వేటలో ఆయన చేరి, పదిహేడు దేశాల్లో అద్దెకు దొరికే గ్రాఫిక్స్ ప్రాసెసర్లను ఒక్క పనికి కట్టాడు. ముందు డబ్లిన్‌లోని యంత్రం ఇది ప్రధాన సంఖ్య కావచ్చని చెప్పింది. మర్నాడు టెక్సస్‌లోని ఇంకో యంత్రం కచ్చితమైన పరీక్షతో ఖాయం చేసింది. దీనికి ముందున్న రికార్డు 2018 డిసెంబరులో దొరికిన 2⁸²⁵⁸⁹⁹³³ − 1, దాని అంకెలు 2,48,62,048.

పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. "అతి పెద్ద ప్రధాన సంఖ్య" అనకండి. "మనకు తెలిసినవాటిలో అతి పెద్దది" అనండి. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే రుజువు చేశాడు. ఈ సంఖ్య చుట్టుపక్కలే లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంత పెద్ద సంఖ్యల దగ్గర సగటున 9 కోట్ల 44 లక్షల సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య అవుతుందని అంచనా కట్టవచ్చు. అవి ఉన్నాయని తెలుసు, వేలు పెట్టి చూపించలేం. వాటికి ఈ సంఖ్యకున్న ఆకారం లేదు.

భాగించి చూడడం ఎందుకు కుదరదు? 97 ప్రధాన సంఖ్యా కాదా అంటే 2, 3, 5, 7తో భాగించి చూస్తే చాలు, వర్గమూలం దాకా పోతే సరిపోతుంది. మన సంఖ్య వర్గమూలానికే 2 కోట్ల 5 లక్షల అంకెలుంటాయి. చేయాల్సిన భాగహారాల లెక్కే కోట్ల అంకెల సంఖ్య. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల లెక్క రాయడానికి ఎనభై చిల్లర అంకెలు చాలంటారు. ఎంత గొప్ప యంత్రమైనా, ఎన్ని యుగాలు నడిపినా ఆ దారిలో పని కాదు. చిన్న చిన్న భాజకాలతో ముందొక చూపు చూస్తారు, నిజమే. అది తాలు చెరగడం లాంటిది. గింజ నాణ్యత తేల్చేది వేరే.

అసలు పరీక్షను 1876లో ఫ్రాన్స్‌కు చెందిన ఎదువార్ లూకా కనిపెట్టాడు. తర్వాత 1930 ప్రాంతంలో అమెరికా గణితవేత్త లేమర్ దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. 4తో మొదలుపెట్టండి. ప్రతి మెట్టులోనూ చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసేసి, మీరు పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లు ఎక్కాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఘాతాంకం 2 కాకుండా బేసి ప్రధాన సంఖ్య అయివుండాలన్నది ఒక్కటే షరతు.

బోర్డు మీద నేను ఎప్పుడూ 127తో చేసి చూపించేవాణ్ణి. 127 అంటే 2⁷ − 1. ఘాతాంకం 7, కాబట్టి ఐదు మెట్లు.

మొదలు 4.
ఒకటో మెట్టు: 16 − 2 = 14.
రెండో మెట్టు: 196 − 2 = 194. 127తో భాగిస్తే శేషం 67.
మూడో మెట్టు: 67 వర్గం 4489, రెండు తీస్తే 4487. శేషం 42.
నాలుగో మెట్టు: 42 వర్గం 1764, రెండు తీస్తే 1762. శేషం 111.
ఐదో మెట్టు: 111 వర్గం 12321, రెండు తీస్తే 12319. ఇది సరిగ్గా 127 × 97. శేషం 0.

సున్నా పడగానే క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండేది. అన్నేళ్లలో ఆ క్షణం మీద నాకు మోజు తగ్గలేదు.

ఇప్పుడు మూడో మెట్టు దగ్గర ఆగి చూడండి. 4487ను 127తో భాగించాలి. నేను భాగహారం చేయలేదు. 127 పక్కనున్నది 128. 4487లో 128లు ఎన్ని? 35, పైన 7 మిగులుతుంది. 127తో భాగిస్తే 128 శేషం 1 కాబట్టి, ఒక్కో 128 బదులు ఒక్కో 1 వేసుకోవచ్చు. 35 + 7 = 42. అయిపోయింది. నాలుగో మెట్టు కూడా అంతే: 1762లో 13 సార్లు 128, మిగులు 98. 13 + 98 = 111. ఐదోది: 12319లో 96 సార్లు 128, మిగులు 31. 96 + 31 = 127, అంటే సున్నా.

కంప్యూటర్ చేసేదీ సరిగ్గా ఇదే. దానికి అన్నీ 0, 1 అంకెల్లోనే కదా ఉండేది. 128తో భాగించడం అంటే దానికి చివరి ఏడు అంకెల దగ్గర గీత గీయడమే. గీతకు ఎడమ పక్కనున్న ముక్కను తెచ్చి కుడి పక్క ముక్కకు కలుపుతుంది. పంచెను మడత వేసినట్టు. మన పెద్ద సంఖ్యలోనూ అంతే, 13,62,79,841వ అంకె దగ్గర మడత. లెక్కల్లో భాగహారం ఎంత అగచాట్ల పనో పిల్లలకు చెప్పక్కర్లేదు. ఇక్కడ అది ఒక్క కూడికతో పోతుంది. ఈ రూపం కలిసొచ్చే మొదటి చోటు ఇది. మిగిలిన కష్టమంతా వర్గం చేయడంలో ఉంది. దానికీ పెద్ద గుణకారాలను వేగంగా చేసే పద్ధతులున్నాయి.

మెట్లు మాత్రం దాటవేయలేం. మన సంఖ్యకు 13,62,79,839 మెట్లు. ఒక మెట్టు ఫలితం చేతికి వస్తే గానీ పై మెట్టు మీద కాలు పెట్టలేం. అలిపిరి దారిలో 3550 మెట్లనూ నలుగురు తలా కొన్ని పంచుకుని ఎక్కి, అందరం కొండకు నడిచొచ్చామంటే కుదరదు కదా, అట్లాగే. వెయ్యి కంప్యూటర్లున్నా ఒక్క పరీక్షను వెయ్యి ముక్కలు చేసి పంచడం కుదరదు. వెయ్యి వేర్వేరు ఘాతాంకాలను పంచవచ్చు. జింప్స్ చేసేది అదే.

సరే, సున్నా వస్తే ప్రధాన సంఖ్య అని ఎందుకు నమ్మాలి? చాలా చోట్ల ఈ భాగాన్ని "నిరూపణ కష్టం" అని దాటేస్తారు. నాకది నచ్చదు. పదో తరగతి పిల్లలకు పూర్తిగా కాకపోయినా అందులోని కీలకం చెప్పవచ్చు.

మనం వేసిన మెట్ల వెనక ఇంకో సంఖ్య దాగి ఉంది: 2 + √3. దానికి జోడీ 2 − √3. రెండూ గుణిస్తే 4 − 3 = 1. రెండూ కూడితే 4, మనం మొదలుపెట్టిన 4 అదే. వర్గాలు కూడితే 14. నాలుగో ఘాతాలు కూడితే 194. వర్గం చేసి రెండు తీసేయడం అంటే తెర వెనక 2 + √3 ఘాతాన్ని రెట్టింపు చేస్తూ పోవడమే. పిల్లల చేత 14 వరకు కాగితం మీద చేయించండి, ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి.

ఇప్పుడు 2 + √3ను మళ్లీ మళ్లీ గుణిస్తూ, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించిన శేషం తీసుకుంటూ పోతున్నామనుకోండి. ఎప్పుడో ఒకప్పుడు 1 దగ్గరికి తిరిగొస్తాం, అది ఒక చక్రం. పరీక్షలో చివర సున్నా వచ్చిందంటే దాని అర్థం, మన సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చే 2 ఘాతమన్ని అడుగుల ప్రయాణంలో సరిగ్గా సగం దూరంలో −1 దగ్గర ఉన్నాం, పూర్తి దూరంలో 1 దగ్గర ఉన్నాం అని. అంటే చక్రం పొడవు ఆ పూర్తి దూరాన్ని భాగించాలి, సగం దూరాన్ని భాగించకూడదు. పూర్తి దూరం ఉత్త 2 ఘాతం కాబట్టి దాని భాజకాలు కూడా ఉత్త 2 ఘాతాలే. ఇక మిగిలేది ఒక్కటే, చక్రం పొడవు పూర్తి దూరమే. మన సంఖ్య కంటే ఒకటి ఎక్కువ.

ఇక్కడే బిగింపు. మన సంఖ్యకు కారణాంకం ఉందనుకోండి. అప్పుడు వర్గమూలానికి మించని ప్రధాన కారణాంకం ఒకటి ఉండి తీరాలి. శేషాలను ఆ చిన్న కారణాంకంతో తీసుకున్నా చక్రం పొడవు మారదు, ఎందుకంటే సగం దూరంలో −1 రావడం అక్కడా నిజమే. కానీ అక్కడ "ఇంత + ఇంత √3" రూపంలో ఉండగల శేషాలు కారణాంకం వర్గమంతే, అంటే మహా అయితే మన సంఖ్యంత. అందులో సున్నాను తీసేయాలి. చక్రంలో ఒక్కో అడుగు ఒక్కో కొత్త గడిలో పడాలి. గడులు తక్కువ, అడుగులు ఎక్కువ. పట్టదు. కాబట్టి అలాంటి కారణాంకం లేదు.

ఒక్క కారణాంకాన్నీ వెతక్కుండా, ఏ కారణాంకమూ లేదని తేల్చేశాం. ఈ రూపం కలిసొచ్చే రెండో చోటు ఇది, అసలైన చోటు కూడా. పక్క సంఖ్యలో 2 తప్ప ఇంకేమీ లేకపోవడం వల్లే "సగంలో లేదు, కాబట్టి పూర్తి" అనగలిగాం. ఏదో ఒక 4 కోట్ల అంకెల బేసి సంఖ్యను తీసుకుంటే దాని పక్కవాళ్ల కారణాంకాలు మనకు తెలియవు, ఈ పట్టు దొరకదు.

ఆకారం లేని సంఖ్యలకు దారే లేదా అంటే ఉంది. 2002లో మన కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా, ఏ ఊహల మీదా ఆధారపడకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే అదుపులో ఉండే సమయంలో తేల్చవచ్చని రుజువు చేశారు. ప్రపంచమంతా నివ్వెరపోయిన ఫలితం అది. క్లాసులో తప్పకుండా చెప్పండి. అయితే "అదుపులో ఉండే సమయం" అన్నది సిద్ధాంతం మాట. కోట్ల అంకెల దగ్గర ఆ పద్ధతి చేతికి అందదు. రికార్డు సంఖ్యను చివరికి ఖాయం చేసేది ఇప్పటికీ లూకా పరీక్షే.

ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పాలి. ఈ పరీక్ష "కాదు" అన్నప్పుడు ఎందుకు కాదో చెప్పదు. 2¹¹ − 1 = 2047తో చేస్తే తొమ్మిదో మెట్టులో 1736 వస్తుంది, సున్నా కాదు. కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. కానీ 1736ను చూసి 2047 = 23 × 89 అని ఎవరూ పసిగట్టలేరు. ఫ్రాన్స్‌లో క్రైస్తవ సన్యాసిగా ఉన్న మెర్సెన్ 1644లో ఒక జాబితా ఇచ్చాడు, ఈ సంఖ్యలకు ఆయన పేరే నిలిచింది. అందులో 2⁶⁷ − 1 కూడా ప్రధాన సంఖ్యేనన్నాడు. 1876లో లూకా అది కాదని తేల్చాడు. కారణాంకాలు మాత్రం ఎవరికీ తెలియవు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణితవేత్తల సభలో ఫ్రాంక్ కోల్ బోర్డు మీద ఒక పక్క 2⁶⁷ − 1 విలువ కట్టాడు, ఇంకో పక్క 193707721 × 761838257287 గుణకారం వేశాడు. రెండూ ఒకటే వచ్చాయి. నోరు మెదపకుండా పోయి కూర్చున్నాడట. మధ్యలో ఇరవై ఏడేళ్లు గడిచిపోయాయి! ప్రధాన సంఖ్యా కాదా అన్న ప్రశ్న వేరు, కారణాంకాలు ఏవి అన్న ప్రశ్న వేరు. మొదటిది సులువు, రెండోది కష్టం. మన బ్యాంకు లావాదేవీల భద్రతలో పెద్ద భాగం ఆ తేడా మీదే నిలబడింది.

అదే లూకా 1876లో 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చేత్తో తేల్చాడు. విలువ 170141183460469231731687303715884105727, ముప్పై తొమ్మిది అంకెలు. కంప్యూటర్ లేకుండా కనుగొన్న ప్రధాన సంఖ్యల్లో దీన్ని మించిన మెర్సెన్ సంఖ్య లేదు.

ఇక మన పెద్ద సంఖ్య గురించి, కంప్యూటర్ ముట్టకుండా మీరూ పిల్లలూ తేల్చగలిగిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి నాకు ఆ 4 కోట్ల అంకెల కంటే ఇష్టం.

చివరి రెండు అంకెలు: 2 ఘాతాల చివరి రెండంకెలు 04, 08, 16, 32, 64, 28, 56... అంటూ ఇరవై మెట్లకొకసారి తిరిగొస్తాయి. 13,62,79,841ని 20తో భాగిస్తే శేషం 1. 2²¹ = 2097152, చివర 52. ఒకటి తీస్తే 51. పైన నేను రాసిన చివరి అంకెలతో సరిపోల్చుకోండి.

అంకెలన్నీ కూడితే చివరికి వచ్చే ఒంటి అంకె: 9తో భాగించినప్పుడు 2 ఘాతాల శేషాలు ఆరింటికొకసారి తిరుగుతాయి. ఘాతాంకాన్ని 6తో భాగిస్తే శేషం 5. 2⁵ = 32, శేషం 5, ఒకటి తీస్తే 4. కాబట్టి 4 కోట్ల 10 లక్షల అంకెలను కూడుతూ పోతే చివరికి 4 మిగులుతుంది. ఎవరూ కూడనక్కర్లేదు.

దీనికి కవల ఉందా? 11, 13లా, 17, 19లా రెండు తేడాతో ఉండే ప్రధాన సంఖ్యలను కవలలు అంటాం కదా. ఈ ప్రశ్న నన్ను ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టింది. పై వైపు సులువు: రెండు కలిపితే 2¹³⁶²⁷⁹⁸⁴¹ + 1 అవుతుంది. 2ను బేసి ఘాతానికి పెంచి 1 కలిపితే ఎప్పుడూ 3తో తెగుతుంది (8 + 1 = 9, 32 + 1 = 33). కాబట్టి పైన కవల లేదు. కింది వైపు 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 3. దీనికి సాధారణ సూత్రం లేదు. ఒక్కో చిన్న ప్రధాన సంఖ్యతో చూసుకుంటూ పోవాల్సిందే. 5 పోలేదు, 7 పోలేదు, 11, 13, 17, 19, 23 పోలేదు. 29 దగ్గర పడింది. ఫెర్మా సూత్రం ప్రకారం 2²⁸ను 29తో భాగిస్తే శేషం 1. 13,62,79,841ని 28తో భాగిస్తే శేషం 5. కాబట్టి మన ఘాతం 29 లెక్కలో 2⁵తో సమానం. 32 − 3 = 29. తెగింది! కాబట్టి కిందా కవల లేదు. 4 కోట్ల అంకెల సంఖ్యకు కారణాంకం ఉందని ఒక చిత్తు కాగితం మీద తేల్చవచ్చని పిల్లలకు చూపించండి. మీ పిల్లోడు అడిగిన "దేంతో భాగించినారు" అన్నదానికి ఇదొక మంచి ఎదురు ఉదాహరణ: కారణాంకం ఉంటే చూపించవచ్చు, లేదని చూపించడానికే అంత కష్టం.

దీంతో పాటే ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరికింది. 6 = 1 + 2 + 3 లాగా, 28 లాగా, తన కంటే చిన్న భాజకాలన్నీ కూడితే తనే వచ్చే సంఖ్య. మెర్సెన్ ప్రధాన సంఖ్యను దాని ఘాతం కంటే ఒకటి తక్కువ ఘాతమున్న 2తో గుణిస్తే అది వస్తుంది. 3 × 2 = 6, 7 × 4 = 28, 31 × 16 = 496. మన సంఖ్యతో వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 8,20,48,640 అంకెలు.

దేనికి పనికొస్తుంది అంటారేమో, ఉన్నమాట చెప్తాను. ఈ ఒక్క సంఖ్యతో ఇవాళ పని లేదు. రహస్య లిపికి ఇంత పెద్దవి వాడరు. ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపి పద్ధతిలో ఒక్కో ప్రధాన సంఖ్యకు సుమారు 308 అంకెలుంటే చాలు. పైగా అక్కడ ఆకారం ఉండకూడదు. ఎవరూ ఊహించలేనట్టు, పక్క సంఖ్యకు చిన్న కారణాంకాలు మాత్రమే ఉండేలా కాకుండా ఎంచుకోవాలి. మనకు ఇక్కడ రుజువుకు పనికొచ్చిన గుణమే అక్కడ దొంగకు తాళం చెవి. ఇంకో రకం పద్ధతిలో ఆకారం కావాలి: మీ ఫోన్లో వాట్సాప్ సందేశాలకు తాళం వేయడంలో 2²⁵⁵ − 19 అనే 77 అంకెల ప్రధాన సంఖ్య వాడతారు. అక్కడ మళ్లీ మన మడతే. 2²⁵⁵ ఒక్కోదాని బదులు 19 వేసుకుంటారు. 127 దగ్గర 35 + 7 చేసిన పిల్లలకు ఇది చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇంటి కంప్యూటర్లో దొరుకుతుందా? ప్రయత్నించవచ్చు. జింప్స్ ప్రోగ్రాం ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. నేనూ 2010 తర్వాత కొన్నేళ్లు ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద నడిపాను. ఒక ఘాతాంకం తేలడానికి దాదాపు రెండు నెలలు పట్టేది. మే నెల తిరుపతి ఎండకు పెట్టె మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టేవాణ్ణి. ఒకసారి యాభై రోజులు నడిచాక లెక్కలో తప్పు దొర్లిందని ప్రోగ్రామే హెచ్చరించింది. చూస్తే మెమరీ కార్డు వేడికి దెబ్బతింది. మెట్లలో ఎక్కడో ఒక్క అంకె తారుమారైనా చివరి సున్నా మాయమవుతుంది, లేని చోట మాత్రం సున్నా రావడం దాదాపు అసాధ్యం. అందుకే కొత్త సంఖ్యను ప్రకటించే ముందు వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో మళ్లీ చేస్తారు. నేను పూర్తి చేసినవన్నీ "ప్రధాన సంఖ్య కాదు" అనే వచ్చాయి. ఆ "కాదు"లు కూడా పట్టికలోకి ఎక్కాయి. మన పెద్ద సంఖ్య ఇప్పటికి తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో 52వది. మధ్యలో ఏ ఘాతాంకాన్నీ వదల్లేదని తేలితే గానీ "తెలిసినవాటిలో 52వది" అన్న మాట "52వది"గా మారదు. ఇంకా మారలేదు.

పది కోట్ల అంకెలు దాటిన మొదటి ప్రధాన సంఖ్యకు అమెరికాలోని ఒక సంస్థ లక్షా యాభై వేల డాలర్ల బహుమతి పెట్టింది. డబ్బు ఆశతో మాత్రం దిగకండి, కరెంటు బిల్లే ఎక్కువవుతుంది.

రేపు క్లాసుకు పోయేటప్పుడు 2¹³ − 1 = 8191 తీసుకెళ్లండి. పదకొండు మెట్లు. ఒక్కో పిల్లోడికి ఒక్కో మెట్టు ఇచ్చి, ఫలితాన్ని పక్కవాడికి అందించమనండి. భాగహారం వద్దు, 8192తో మడత పెట్టమనండి. మడత పెట్టాక 8191 దాటితే ఇంకోసారి 8191 తీసేయాలి. మూడో మెట్టులో 4870 రావాలి, ఆరో మెట్టులో 1857, ఏడో మెట్టులో 36. 36 రాకపోతే అక్కడే ఆపి, వెనక్కి పోయి తప్పు పట్టుకోండి, ముందుకు పోయి లాభం లేదు. పదో మెట్టులో 128 వస్తుంది. పదకొండో మెట్టు మీ చిత్తూరు పిల్లోడికి, ఆ ప్రశ్న అడిగినవాడికి ఇవ్వండి: 128 వర్గం 16384, రెండు తీస్తే 16382, అది 8191కి సరిగ్గా రెండింతలు.